రాజుకు జరిమానా వేస్తే కట్టించుకునేది ఎవరు? ప్రాచీన రాజనీతిలో సుపరిపాలన

క్లుప్తంగా

ప్రాచీన భారతీయ రాజనీతి గ్రంథాల్లో రాజు బాధ్యతల గురించి బోలెడంత ఉంది. రాజు కింద పనిచేసే ఉద్యోగుల మీద ఎలా ఒక కన్నేసి ఉంచాలో అంతకన్నా ఎక్కువే ఉంది. రాజే తప్పు చేస్తే సామాన్యుడు ఏ గడప తొక్కాలన్న దానికి మాత్రం సరైన జవాబు దొరకదు. "మనకు అప్పట్లోనే ప్రజాస్వామ్యం ఉంది" అనేవాళ్లూ, "అంతా నిరంకుశత్వమే" అనేవాళ్లూ ఈ తేడాను చూడకపోవడం వల్లే చర్చ తెగడం లేదు.

ఇప్పుడీ చర్చ ఎందుకు?

2023 మే 28న కొత్త పార్లమెంటు భవనంలో, లోక్‌సభ స్పీకర్ కుర్చీ పక్కన సెంగోల్ అనే తమిళ సంప్రదాయ రాజదండాన్ని ప్రతిష్ఠించారు. అదే ఏడాది జీ20 సదస్సు సందర్భంగా, ప్రజాస్వామ్యానికి పుట్టినిల్లు భారతదేశమేనని చెప్పే పుస్తకాన్ని కేంద్ర ప్రభుత్వం తెచ్చింది. అప్పటి నుంచి ప్రాచీన రాజనీతి అనే మాట పండితుల గదులు దాటి టీవీ డిబేట్లలోకీ వాట్సాప్ గ్రూపుల్లోకీ వచ్చేసింది. హైదరాబాద్‌లో దీనికి మరో గిరాకీ కూడా ఉంది. అశోక్‌నగర్, చిక్కడపల్లి రీడింగ్ రూముల్లో సివిల్స్‌కు, గ్రూప్స్‌కు చదివేవాళ్లకు కౌటిల్యుడు, అశోకుడు మార్కులు తెచ్చే పేర్లు. సివిల్స్ మెయిన్స్ ఎథిక్స్ పేపర్ సిలబస్‌లో భారతీయ చింతకుల ఆలోచనలకు చోటుంది కాబట్టి, కౌటిల్యుడి అర్థశాస్త్రంలోని 'ప్రజల సుఖమే రాజు సుఖం' అనే శ్లోకం ఎన్ని జవాబు పత్రాల్లో కనిపిస్తుందో చెప్పక్కర్లేదు.

చిక్కు ఎక్కడంటే, అందరూ ఒకే శ్లోకాన్ని పట్టుకుంటారు, అది ఏ అధ్యాయంలో ఏ సందర్భంలో వచ్చిందో చూడరు. దీనికి తోడు చాణక్యుడు చెప్పాడంటూ ఫోన్లలో తిరిగే సూక్తులు. భార్య గురించి, స్నేహితుల గురించి, శత్రువుల గురించి వచ్చే ఆ మాటల్లో కొన్ని 'చాణక్య నీతి' పేరుతో చేరిన శ్లోక సంకలనాల్లోవి, మిగతావి ఎవరు రాశారో ఆ ఫార్వర్డ్ చేసినవాళ్లకే తెలియాలి. అర్థశాస్త్రం వేరే రకం పుస్తకం. 15 అధికరణాలు (భాగాలు), 150 అధ్యాయాలున్న పరిపాలనా మాన్యువల్ అది. ఇది తాటాకు ప్రతి రూపంలో మైసూరు ప్రాచ్య గ్రంథాలయానికి చేరితే, 1905లో ఆర్. శామశాస్త్రి గుర్తించారు, 1909లో సంస్కృత మూలం అచ్చు వేశారు, 1915లో ఇంగ్లిష్ అనువాదం వచ్చింది. అంటే ఇవాళ అందరి నోటా నానుతున్న ఈ పుస్తకం మొత్తంగా ఆధునిక పాఠకుల చేతికి వచ్చి సుమారు 120 ఏళ్లే. మౌర్యుల కాలానిదని సంప్రదాయం చెబుతుంది. భాషా శైలిని లెక్కలు గట్టి చూసిన పరిశోధకులు మాత్రం ఒకరికంటే ఎక్కువ మంది చేతులు పడ్డాయని, ఇప్పుడున్న రూపం మౌర్యుల తర్వాతిదని అంటారు.

రాజు అసలు ఎందుకు కావాల్సి వచ్చాడు

రాజు ఆకాశం నుంచి ఊడిపడ్డాడని మన పాత గ్రంథాలన్నీ చెబుతాయనుకుంటే పొరపాటే. మహాభారతం శాంతిపర్వంలో అంపశయ్య మీదున్న భీష్ముణ్ని ధర్మరాజు అడిగే ప్రశ్న సూటిగా ఉంటుంది. రాజుకూ మిగతా వాళ్లలాగే రెండు చేతులు, ఒక తల, అవే సుఖదుఃఖాలు కదా, మరి ఇంతమంది మీద ఒక్కడు ఎలా పెత్తనం చేస్తున్నాడు? భీష్ముడు చెప్పే జవాబులో మొదట రాజ్యమూ లేదు, రాజూ లేడు, శిక్షా లేదు, శిక్షించేవాడూ లేడు. జనం ధర్మంతోనే ఒకరినొకరు కాపాడుకునేవాళ్లు. తర్వాత మోహం వచ్చింది, దాని వెనక లోభం, ఆ తర్వాత అంతా తలకిందులు. ఇంకొంచెం ముందుకెళ్తే మరో కథనం ఉంది. పెద్ద చేప చిన్న చేపను మింగినట్టు జనం ఒకరినొకరు మింగుతుంటే బ్రహ్మ దగ్గరికి పోయి మొరపెట్టుకున్నారు, ఆయన మనువును చూపించాడు, మనువేమో ఈ అబద్ధాలాడే మనుషుల్ని పాలిస్తే పాపం చుట్టుకుంటుందని వెనక్కి తగ్గాడు. అప్పుడు జనం ఒక ఒప్పందానికి వచ్చారు. పశువుల్లో, బంగారంలో 50వ వంతు, ధాన్యంలో 10వ వంతు ఇస్తామన్నారు.

బౌద్ధుల దీఘనికాయంలోని అగ్గఞ్ఞ సుత్తంలో దేవుడి ప్రస్తావన కూడా రాదు. వరి పొలాలకు గట్లు వేసుకున్నారు, ఒకడు పక్కవాడి వాటా దొంగిలించాడు, పట్టుకుని తిట్టారు, మళ్లీ దొంగిలించాడు, కొట్టారు. ఇలా రోజూ కొట్టుకునే బదులు మనలో అందంగా, సమర్థుడిగా ఉన్న ఒకణ్ని ఎంచుకుందాం, తప్పు చేసినవాణ్ని వాడే దండిస్తాడు, బదులుగా మన వడ్లలో కొంత ఇద్దాం అనుకున్నారు. అలా జనం ఒప్పుకున్నవాడు కాబట్టి మహాసమ్మతుడు.

రెండు కథల్లోనూ పన్ను రాజుకు ముట్టే జీతం. జీతం తీసుకున్నవాడు పని చేయాలి. దొంగ సొత్తు దొరక్కపోతే రాజు తన ఖజానా నుంచి బాధితుడికి ఇచ్చుకోవాలని ధర్మసూత్రాలు, అర్థశాస్త్రం చెప్పడం ఈ లెక్కలోంచే వచ్చింది. కాపలాకు కూలి తీసుకున్నావు, కాపలా కాయలేదు, కాబట్టి నష్టం నువ్వే భరించు అన్నమాట. ఇవాళ ఫోన్ పోయి సైబర్ సెల్‌కు ఫిర్యాదు ఇచ్చినవాడికి ఈ నియమం వింటే ప్రాణం లేచివస్తుంది. ఆచరణలో ఎంతమంది రాజులు ఇలా చెల్లించారనేది వేరే సంగతి.

అదే కథ గూఢచారుల నోట

ఇక్కడే అర్థశాస్త్రం ఒక విచిత్రమైన మలుపు తిప్పుతుంది, దీన్ని పోటీ పరీక్షల నోట్సులు దాదాపుగా వదిలేస్తాయి. మొదటి అధికరణం 13వ అధ్యాయంలో మనువు ఒప్పందం కథ వస్తుంది. జనం ధాన్యంలో 6వ వంతు, సరుకులో 10వ వంతు రాజుకు ఇస్తామన్నారని చెబుతుంది. చెప్పేది మాత్రం శాస్త్రకర్త కాదు, రాజు పంపిన గూఢచారులు.

ఏర్పాటు ఇలా ఉంటుంది. తీర్థాల్లో, సభల్లో, జనం గుమిగూడే చోట్ల ఇద్దరు గూఢచారులు ఒకరినొకరు ఎరగనట్టు నిలబడి గొడవకు దిగాలి. ఒకడు "ఈ రాజు గుణవంతుడంటారు గానీ, పన్నులతో, జరిమానాలతో పీడిస్తున్నాడు, ఏ గుణమూ కనబడదే" అని మొదలుపెడతాడు. చుట్టూ ఉన్నవాళ్లలో దానికి ఎవరు తలూపుతున్నారో చూసుకోవచ్చు. రెండోవాడు అడ్డం తిరిగి మనువు కథ ఎత్తుకుంటాడు. రాజు లేకపోతే బలవంతుడు బలహీనుణ్ని మింగేస్తాడని, పన్ను తీసుకుని యోగక్షేమాలు చూస్తాడని, అడవిలో ఉండే మునులు కూడా ఏరుకున్న గింజల్లో 6వ వంతు ఇస్తారని, రాజును అవమానించకూడదని ముగిస్తాడు.

అంటే ఒప్పందం సిద్ధాంతం కౌటిల్యుడికి తెలుసు, దాని బలమూ తెలుసు. దాన్ని ప్రజల చేతిలో ఆయుధంగా ఇవ్వకుండా, ప్రజల నాడి పట్టడానికీ, నోరు మూయించడానికీ వాడుకున్నాడు. సోషల్ మీడియా సెల్‌లు నడిపేవాళ్లకు ఇందులో కొత్తేమీ కనిపించకపోవచ్చు. అయితే ఒక విషయం ఒప్పుకోవాలి. జనం నమ్మని కథను ప్రచారానికి ఎవరూ వాడరు. రాజు పన్ను తీసుకునేది రక్షణ కోసమే అన్న భావం అప్పటి జనంలో బాగా పాతుకుపోయి ఉండబట్టే గూఢచారికి అది పనికొచ్చింది.

అసలు అనుమానం అధికారుల మీదే

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, కౌటిల్యుడి దృష్టంతా పూజారి మీదే. రాజ్యానికి ఏడు అంగాలు (స్వామి, అమాత్యుడు, జనపదం, దుర్గం, కోశం, దండం అంటే సైన్యం, మిత్రుడు) చెప్పినా, పుస్తకంలో పేజీలు ఎక్కువగా ఖర్చయింది ఖజానాకూ దాని చుట్టూ తిరిగే ఉద్యోగులకే. నీళ్లలో తిరిగే చేప నీళ్లు తాగిందో లేదో ఎలా తెలియదో, పనిలో ఉన్న ఉద్యోగి సొమ్ము తిన్నాడో లేదో అలాగే తెలియదు అన్న ప్రసిద్ధ శ్లోకం రెండో అధికరణంలోది. తెలియదని ఊరుకోలేదు, డబ్బు కాజేసే 40 పద్ధతుల్ని వరసగా రాశాడు. ముందు వసూలైనదాన్ని తర్వాత వసూలైనట్టు, తర్వాత వచ్చినదాన్ని ముందే వచ్చినట్టు రాయడం, వచ్చిన బాకీని రాలేదని రాయడం, ఒక ఖాతాలో పడాల్సింది ఇంకో ఖాతాలో చూపడం, తూకాల్లో, కొలతల్లో తేడాలు. ఆడిట్ ఆఫీసులో పనిచేసినవాళ్లు ఈ జాబితా చదివితే తెలిసిన ముఖాలు గుర్తుకు రాకుండా ఉండవు.

మందు కూడా చెప్పాడు, అది కేవలం శిక్ష కాదు. లెక్కల సంవత్సరం ఆషాఢ పూర్ణిమకు ముగుస్తుంది, అప్పటికి ఖాతాలు పట్టుకుని రావాలి. ఒక్కో శాఖకు ఒక్కడే పెద్దగా ఉండకూడదు, చాలామంది ఉండాలి, వాళ్లూ శాశ్వతంగా ఉండకూడదు. ఒక అధికారి మీద అవినీతి కేసు తేలితే అతని పరిధిలో చాటింపు వేయించాలి. ఫలానావాడి వల్ల నష్టపోయినవాళ్లు వచ్చి చెప్పుకోండి అని పిలిచి, చెప్పుకున్నవాళ్లకు నష్టాన్ని బట్టి ఇప్పించాలి. సమాచారం ఇచ్చినవాడికి, నేరం రుజువైతే ఆ సొమ్ములో 6వ వంతు, చెప్పినవాడు అదే ఆఫీసులో జీతగాడైతే 12వ వంతు. ఆరోపణ నిలబడకపోతే చెప్పినవాడికే శిక్ష. బహుమతీ ఉంది, భయమూ ఉంది. ఇలా రెండు వైపులా పదును పెడితే అబద్ధపు ఫిర్యాదులు తగ్గుతాయి గానీ, నిజం తెలిసిన చిన్న ఉద్యోగి కూడా రుజువు చేయలేనేమోనన్న టెన్షన్‌తో నోరు మూసుకునే ప్రమాదం ఉంది. దీనికి కౌటిల్యుడి దగ్గర విరుగుడు కనబడదు.

జీతాల దగ్గర లెక్క ఇంకా స్పష్టం. మంత్రి, పురోహితుడు, సేనాపతి, యువరాజు వరసలో ఉన్నవాళ్లకు 48,000 పణాలు (పణం అప్పటి నాణెం), అట్టడుగు పనివాడికి 60 పణాలు. 800 రెట్లు తేడా. అంత పెద్ద జీతం ఎందుకంటే, ఆ మాత్రం ఇస్తే ప్రలోభానికి లొంగరు, తిరగబడరు అని కారణం కూడా అక్కడే రాశాడు. మొత్తం జీతాల బిల్లు ఆదాయంలో 4వ వంతు ఉండాలని హద్దు గీశాడు. హైదరాబాద్ చరిత్రలో దీనికి పోలిక దొరుకుతుంది. 1853లో నిజాం దగ్గర దివాన్ (ప్రధానమంత్రి) అయిన మొదటి సాలార్‌జంగ్ వచ్చేనాటికి శిస్తు వసూలు గుత్తకు తీసుకున్నవాళ్ల చేతిలో ఉండేది, వాళ్లు సర్కారుకు కట్టేది కొంత, రైతు దగ్గర పిండేది అంతకు మించి. ఆయన గుత్తలు తీసేసి జీతం మీద తాలూక్‌దార్లనే శిస్తు అధికారుల్ని పెట్టాడు, 1865లో జిలాబందీ పేరుతో జిల్లాలు ఏర్పరిచాడు. సాలార్‌జంగ్ అర్థశాస్త్రం చదివే అవకాశమే లేదు, అప్పటికి ఆ పుస్తకం బయటపడనే లేదు. ఒకే రోగానికి ఒకే మందు రెండు కాలాల్లో, రెండు దారుల్లో దొరికింది. వసూలు చేసేవాడి బతుకు వసూలు మీదే ఆధారపడితే కంచే చేను మేస్తుంది.

నగర పాలన దగ్గరికొస్తే చిల్లర విషయాలు కూడా వదల్లేదు. వీధిలో చెత్త పారేస్తే పణంలో 8వ వంతు జరిమానా, బురద నీళ్లు నిలబెట్టి దారి కడితే 4వ వంతు, అదే రాజమార్గంలో అయితే రెట్టింపు. ఇంటి నుంచి పోయే వాననీరు పక్కింటి గోడను పాడుచేయకుండా మధ్యలో జాగా వదలాలి. కొత్త చెరువు తవ్వినవాడికి 5 ఏళ్లు పన్ను మాఫీ, పాడుబడిన చెరువును బాగుచేస్తే 4 ఏళ్లు. నీళ్లున్న చెరువు కట్టను తెగ్గొట్టినవాణ్ని అక్కడే ముంచి చంపాలి. గొలుసుకట్టు చెరువులు పూడ్చి కాలనీలు కట్టుకుని, 2024లో ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థను పెట్టాక కూల్చివేతల మీద వాదులాడుకుంటున్న నగరానికి ఈ చివరి శిక్ష ఎవరూ సిఫార్సు చేయరు. పన్ను మాఫీ సంగతి మాత్రం ఆలోచించదగ్గదే. చెరువు చెడగొట్టినవాడికి శిక్ష ఎంత ఉందో, బాగుచేసినవాడికి లాభం అంత కంటికి కనబడేలా ఉంది అందులో.

బౌద్ధుల లెక్క వేరు

కౌటిల్యుడు దొంగను ఎలా పట్టుకోవాలో చెబుతాడు. కూటదంత సుత్తంలోని పురోహితుడు దొంగలు ఎందుకు పెరిగారో చూడమంటాడు. మహావిజితుడనే రాజు పెద్ద యజ్ఞం తలపెడితే, దేశంలో దోపిడీలు జరుగుతుంటే పన్ను పెంచడం తప్పు అని పురోహితుడు అడ్డుపడతాడు. దొంగల్ని చంపినా, కట్టేసినా మిగిలినవాళ్లు మళ్లీ మొదలుపెడతారు, కాబట్టి వ్యవసాయం చేసేవాళ్లకు విత్తనాలు, మేత ఇవ్వు, వ్యాపారం చేసేవాళ్లకు పెట్టుబడి ఇవ్వు, కొలువు చేసేవాళ్లకు జీతం, తిండి ఇవ్వు అంటాడు. చక్కవత్తి సీహనాద సుత్తం దీన్నే తిరగేసి చెబుతుంది. రాజు అన్నీ సరిగ్గా చేశాడు గానీ పేదలకు ధనం ఇవ్వలేదు. పేదరికం నుంచి దొంగతనం, దొంగతనం నుంచి ఆయుధాలు, ఆయుధాల నుంచి హత్యలు, అక్కడి నుంచి అబద్ధాలు. చివరికి మనుషుల ఆయుష్షు 80,000 ఏళ్ల నుంచి 10 ఏళ్లకు పడిపోతుంది. అంకెలు పురాణాలవే, కారణాల గొలుసు మాత్రం ఇవాళ్టి క్రైమ్ చర్చల్లో పెట్టినా సరిపోతుంది.

కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి 14 ప్రధాన శాసనాలూ ఉన్నాయి. వాటిలో 6వది పాలన గురించి. తాను భోజనం చేస్తున్నా, అంతఃపురంలో ఉన్నా, తోటలో ఉన్నా ప్రజల విషయాలు ఎప్పుడైనా తన దగ్గరికి తేవచ్చని అందులో రాయించాడు. అర్థశాస్త్రం కూడా పగటి దినచర్యను 8 భాగాలు చేసి, రెండో భాగాన్ని పట్టణ, పల్లె జనం మొరలకు కేటాయిస్తుంది, పని మీద వచ్చినవాళ్లను గుమ్మం దగ్గర నిలబెట్టొద్దంటుంది. దానికి అది చెప్పే కారణం చాలా లౌకికం: రాజు దర్శనం దొరకడం కష్టమైతే, చుట్టూ ఉన్నవాళ్లు చేయాల్సినవి చేయనివ్వరు, చేయకూడనివి చేయిస్తారు. జనం మొర వింటే రాజుకు దక్కేది పుణ్యం మాత్రమే కాదు, కోటరీని దాటి వచ్చే సమాచారం. సోమవారాల్లో కలెక్టరేట్లలో నడిచే ప్రజావాణి, 2023 డిసెంబర్ నుంచి బేగంపేట ప్రజాభవన్ ముందు కనిపించే అర్జీల క్యూలు ఈ పాత అవసరాన్నే తీరుస్తున్నాయి. కింది ఆఫీసులో పని జరిగి ఉంటే ఆదిలాబాద్ నుంచి బస్సెక్కి బేగంపేట రావాల్సిన అవసరం ఎవరికీ ఉండదు, కాబట్టి ఆ క్యూ పొడవు కింది ఆఫీసుల పనితీరుకు కూడా ఒక కొలతే.

తెలుగువాళ్లకు దగ్గరి పేరు బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడు. ఒక రాజుకు, సంప్రదాయం ప్రకారం శాతవాహన రాజుకు, ఆయన రాసిన రత్నావళిలో జైళ్ల ప్రస్తావన ఉంది. ఖైదీలు జైల్లో ఉన్నంతకాలం వాళ్లకు క్షురకులు, స్నానాలు, తిండి, నీళ్లు, మందులు అందాలి. బలహీనుల్ని త్వరగా విడుదల చేయాలి. దారి తప్పిన కొడుకును బాగుచేయాలనే తండ్రిలా శిక్ష వేయాలి, ద్వేషంతోనో డబ్బు కోసమో కాదు.

రాజే తప్పు చేస్తే?

ఇక అసలు ప్రశ్న. అర్థశాస్త్రం నాలుగో అధికరణం చివర్లో ఒక నియమం ఉంది. శిక్షించకూడనివాణ్ని రాజు శిక్షిస్తే, ఆ జరిమానాకు 30 రెట్లు రాజే చెల్లించాలి. వినడానికి అద్భుతం. ఎవరికి చెల్లించాలి? వరుణుడికి నివేదిస్తూ నీళ్లలో ఉంచి, ఆ తర్వాత బ్రాహ్మణులకు ఇవ్వాలి. అన్యాయంగా జరిమానా కట్టినవాడి పేరు ఆ శ్లోకంలో ఎక్కడా లేదు. కేసు వేసేది ఎవరు, విచారించేది ఎవరు, రాజు కట్టనంటే కట్టించేది ఎవరు అనే ప్రశ్నలకూ చోటు లేదు. వరుణుడు చూసుకుంటాడు. మనుస్మృతి కూడా మామూలు మనిషికి 1 కార్షాపణం (అప్పటి నాణెం) జరిమానా పడే నేరానికి రాజుకు 1,000 పడాలంటుంది. సూత్రంగా ఇది చాలా పెద్ద మాట, ఎంత పెద్దవాడికి అంత పెద్ద శిక్ష అని. అమలు మాత్రం రాజు మనస్సాక్షికే వదిలేసింది.

కింది ఉద్యోగి దగ్గర 40 రకాల మోసాలు, చాటింపులు, వాటాలతో సహా రాసిన శాస్త్రం రాజు దగ్గరికొచ్చేసరికి నీళ్లలో నాణేలు పెట్టించి ఊరుకుంది. చాతకాక అనుకోలేం. రాజు పైన నిలబడే సంస్థ ఏదీ ఆ ఊహలో లేదు, అందుకే కట్టడి అంతా లోపలికి తిప్పారు. ఇంద్రియజయం మీద అర్థశాస్త్రం మొదట్లోనే అంత ఒత్తిడి పెట్టింది అందుకే. కామం, క్రోధం, లోభం, మానం, మదం, హర్షం అనే ఆరింటినీ గెలవకపోతే నాశనమైపోతావని, దాండక్య భోజుడి నుంచి రావణుడి దాకా పేర్లతో సహా హెచ్చరిస్తుంది. ఆత్మనిగ్రహం ఉన్న రాజు దొరికితే సరి. దొరక్కపోతే? రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా అన్న సామెత ఊరికే పుట్టలేదు.

చివరి అడ్డుకట్ట తిరుగుబాటు. రక్షించకుండా దోచుకునే రాజును జనం ఒక్కటై చంపేయాలని మహాభారతం అనుశాసన పర్వం తెగేసి చెబుతుంది. వేనుడనే రాజును ఋషులు దర్భలతో చంపి, అతని చేతిని మథిస్తే పృథువు పుట్టిన కథ శాంతిపర్వంలో ఉంది. కౌటిల్యుడు దీన్ని నీతిగా కాకుండా లెక్కగా చెప్పాడు: ప్రజలు పేదలైతే లోభులవుతారు, లోభులైతే విరక్తులవుతారు, విరక్తులైతే శత్రువుతో చేరతారు లేదా రాజును తామే చంపేస్తారు. ఓపిక పట్టడం, లేదంటే చంపడం. ఈ రెంటికీ మధ్య రక్తం కారకుండా పాలకుణ్ని మార్చే పద్ధతి, అంటే ఐదేళ్లకోసారి బూత్ ముందు నిలబడే పని, ఈ రాచరిక గ్రంథాల్లో లేదు.

మరి గణాలు, ఉత్తరమేరూరు?

రాచరికం లేని చోట్లు లేకపోలేదు. వజ్జి, మల్ల, శాక్య గణాల్లో సభలు కూడి నిర్ణయాలు చేసేవాళ్లు. వజ్జులు తరచూ సభ కూడుతూ, కలిసి కూర్చుని కలిసి లేస్తూ ఉన్నంతకాలం వాళ్లకు క్షయం లేదని బుద్ధుడు చెప్పాడు. ఆ ప్రశ్న మోసుకొచ్చింది వజ్జుల్ని ఎలా జయించాలా అని చూస్తున్న అజాతశత్రువు మంత్రి కావడం గమనించాలి. లిచ్ఛవుల్లో 7,707 మంది రాజులున్నారని జాతక కథలు అంటాయి. ఆ వేలమందీ ఏలే వంశాల పెద్దలే, పొలంలో పనిచేసే దాసుడికి ఆ సభలో చోటు లేదు.

తమిళనాట ఉత్తరమేరూరు గుడి గోడల మీద, మొదటి పరాంతక చోళుడి కాలంలో 919, 921ల్లో చెక్కించిన శాసనాలు ఇంకా ఆసక్తికరం. ఊరిని 30 వాడలుగా చేసి, అర్హుల పేర్లు తాటాకుల మీద రాసి కుండలో వేసి, చిన్న పిల్లవాడి చేత తీయించి కమిటీలు ఏర్పరిచేవాళ్లు. వయసు 35కు పైన, 70కి లోపు ఉండాలి, సొంత స్థలంలో ఇల్లుండాలి, గత మూడేళ్లలో పదవి చేసినవాడు పనికిరాడు. ఇంతకుముందు కమిటీలో ఉండి లెక్కలు అప్పజెప్పనివాడూ, వాడి చుట్టాలూ అనర్హులు. బావమరిది పేరు మీద నిలబడే దారి కూడా మూసేశారన్నమాట! కాకపోతే అది బ్రాహ్మణ అగ్రహారం సభ. వేదం చదివి, భూమి ఉన్న మగవాళ్ల మధ్య నడిచిన పద్ధతి.

ఈ పరిమితి చిన్నది కాదు. శూద్రుడు ఏ అవయవంతో బ్రాహ్మణుణ్ని కొడితే ఆ అవయవం నరికేయాలని అర్థశాస్త్రమే చెబుతుంది. ఒకే నేరానికి వర్ణాన్ని బట్టి శిక్ష మారే చోట, రాజు ఎంత మంచివాడైనా, ఎన్ని చెరువులు తవ్వించినా చట్టం ముందు సమానత్వం అనే ఊహకు దారి లేదు. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ చేసిన ప్రసంగంలో రెండు వైపులూ కనిపిస్తాయి. భారతదేశానికి పార్లమెంటరీ పద్ధతి కొత్త కాదని, భిక్షు సంఘాలకు తీర్మానాలు, కోరం, బ్యాలెట్‌తో ఓటింగ్ తెలుసని ఆయన గుర్తుచేశారు. ఆ వెంటనే, ఆ పద్ధతి పోగొట్టుకున్నాం, రెండోసారీ పోగొట్టుకుంటామా అని అడిగారు. గతాన్ని సర్టిఫికెట్‌లా చూపించడానికి ఆయన ఆ మాట ఎత్తలేదు.

తెలుగులోకి వచ్చాక

ఈ ఆలోచనలు సంస్కృతంలోనే ఉండిపోలేదు. శాంతిపర్వాన్ని తెలుగు చేసిన తిక్కన 13వ శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధి దగ్గర స్వయంగా మంత్రి. నన్నయ తెలిగించిన సభాపర్వంలో నారదుడు ధర్మరాజును ప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేసే ఘట్టం ఉంది. మూలంలో ఆ ప్రశ్నలు చూస్తే, సైన్యానికి జీతాలు ఆలస్యం చేయకుండా ఇస్తున్నావా, వాన మీదే ఆధారపడకుండా చెరువులు నింపావా అని ఉంటాయి. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో ఇంకా లెక్కగా చెప్పాడు: రాబడిని నాలుగు భాగాలు చేసి ఒకటి దానభోగాలకు, రెండు సైన్యానికి, ఒకటి ఖజానాకు. దేశం చిన్నదైనా కుంటలు, కాలువలు తవ్వించి, పేదకు పన్నులో వెసులుబాటిస్తే అర్థమూ ధర్మమూ రెండూ పెరుగుతాయన్నాడు.

అన్నిటికన్నా గట్టి ఉదాహరణ కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన శాసనం, 1244-45 నాటిది. అంతకుముందు రాజులు తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా లాగేసుకునేవాళ్లు. ఇకమీదట నిర్ణయించిన సుంకం తప్ప మరేదీ తీసుకోబోమని గణపతిదేవుడు అభయం ఇచ్చాడు, సుంకం ఎంతో రాతి మీద చెక్కించాడు. ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రంలోకి దిగేవాళ్ల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం అని కారణాలు రాయించాడు. రేవుకు ఓడలు రావాలనే అవసరం కూడా తక్కువదేమీ కాదు. ఇక్కడ రాజు తన చేతిని తానే కట్టుకున్నాడు, అదీ నలుగురూ చదివేలా. ఏదో ఒక సుంకం అధికారి ఎక్కువ అడిగితే వర్తకుడు ఆ రాతిని చూపించగలడు. తర్వాతి రాజు ఆ రాతిని పట్టించుకోకపోతే మాత్రం వర్తకుడికి మిగిలేది రాయే.

కదిపే హక్కు ఎవరిది?

పాత పద్ధతినీ ఇప్పటి పద్ధతినీ పోల్చాలంటే మంచితనం ఎంత అని తూచడం కంటే, తనిఖీని ఎవరు మొదలుపెట్టగలరో చూడటం మేలు. అర్థశాస్త్రంలో అధికారి మీద చాటింపు రాజు వేయిస్తేనే పడుతుంది. అశోకుడు ఎప్పుడైనా రండి అన్నాడు, అనకపోయినా అడిగే దారి లేదు. మోటుపల్లి అభయం రాజు ఇష్టంతో వచ్చింది. 2005 సమాచార హక్కు చట్టంలో అదే కదలిక దరఖాస్తుదారు చేతిలో మొదలవుతుంది. 10 రూపాయలు కట్టి అడిగితే 30 రోజుల్లో జవాబు రావాలి, సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే సంబంధిత అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున, గరిష్ఠంగా 25,000 వరకు జరిమానా పడొచ్చు, అదీ అతని జేబులోంచి. ఆ జరిమానా వేయాల్సిన సమాచార కమిషన్‌లో కమిషనర్లను నియమించాల్సింది మళ్లీ ప్రభుత్వమే కాబట్టి, కుర్చీలు ఖాళీగా ఉన్నన్నాళ్లూ అప్పీలు ఎంత పక్కాగా రాసినా ఫైలు కదలదు.